కామాస్ గడ్డలు విజయవాడలో పూస్తాయా? పూయకపోతే వాటి బదులు ఏం వేసుకోవాలి?

మీరు అడిగింది ఇదీ. అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రం పోర్ట్‌లాండ్‌లో ఉంటున్న మీ అమ్మాయి అక్కడి పచ్చిక మైదానాల్లో నీలంగా పూసే కామాస్ పూలు చూసి ముచ్చటపడింది. సంక్రాంతికి వచ్చేటప్పుడు ఓ డజను గడ్డలు తెస్తానంటోంది. పటమటలో మీ ఇంటి ముందు కాస్త నేల ఉంది, పైన డాబా ఉంది. ఆ గడ్డలు ఇక్కడ బతుకుతాయా, ఫ్రిజ్‌లో పెట్టి చలికాలం వచ్చినట్టు నమ్మిస్తే పూస్తాయా, వాటిని తింటారట కదా, అది నిజమేనా అని మీ ప్రశ్నలు.

ముందే చెప్పేస్తాను: తేవద్దనండి. ఫ్రిజ్ తంటాలు పడితే ఒక్కసారి పూస్తే పూయొచ్చు, రెండో ఏడు మాత్రం ఉండవు. కానీ ఉత్తర అమెరికా గడ్డ మొక్క మన పెరట్లో ఉండాలన్న కోరిక తప్పేం కాదు. ఆ ఖండంలోనే మన ఎండకు, మన వానకు అచ్చంగా సరిపోయే గడ్డలున్నాయి. వాటిలో కొన్ని ఇప్పటికే మీ వీధి చివర ఏ అపార్ట్‌మెంట్ గోడ పక్కనో పూస్తూ ఉంటాయి. వాటి గురించి కిందికి వెళ్లాక వివరంగా రాస్తాను. ముందు కామాస్ ఎందుకు కుదరదో తెలియాలి. అది తెలిస్తే రేపు ఎవరు ఏ విదేశీ గడ్డ ఇస్తామన్నా మీరే తేల్చుకోగలరు.

కామాస్ శతావరి కుటుంబం మొక్క. మోకాలెత్తు కాడ మీద ఆరు రేకుల నక్షత్రాల్లాంటి పూలు కింది నుంచి పైకి వరసగా విచ్చుకుంటాయి. అమెరికా పడమటి వైపు ఎక్కువగా కనిపించేవి రెండు జాతులు: కామాసియా క్వామాష్, దానికంటే పొడవుగా ఎదిగే కామాసియా లైక్ట్‌లినీ. మా అబ్బాయి దగ్గర ఉన్నప్పుడు పోర్ట్‌లాండ్ పక్కనే వెస్ట్ లిన్ అనే ఊళ్లో ఈ పూల కోసమే కాపాడుతున్న ఒక చిన్న అడవి ప్రాంతానికి వెళ్లాను. ఏప్రిల్ నెల. రాతి నేల మీద పల్చటి మట్టి, కాలు వేస్తే చెమ్మ పైకి వస్తోంది, ఆ చెమ్మలోనే పూలు. కొలంబియా నది దాటితే కామాస్ పేరుతో ఒక ఊరే ఉంది. 1806 జూన్‌లో లూయిస్, క్లార్క్‌ల అన్వేషక బృందం తిరుగు ప్రయాణంలో విరగబూసిన కామాస్ మైదానాన్ని దూరం నుంచి చూసి తేట నీటి సరస్సు అనుకునేలా ఉందని దినచర్యలో రాసుకుంది. కాబట్టి మీ అమ్మాయి ముచ్చట పడటంలో తప్పులేదు.

ఆ ఏప్రిల్ చెమ్మ ఎక్కడి నుంచి వచ్చిందన్నదే ఇక్కడ అసలు విషయం. ఒరెగాన్‌లో వానాకాలం అంటే చలికాలమే. నవంబరు నుంచి మార్చి దాకా ముసురు, రాత్రుళ్లు 2, 3 డిగ్రీల చలి. ఆ చలి తడిలో గడ్డ వేళ్లు పోసుకుంటుంది. ఎండ ముదిరే లోపు ఆకు, పువ్వు, విత్తనం అన్నీ ముగించేస్తుంది. జూలై, ఆగస్టుల్లో అక్కడ చినుకు పడటం అరుదు. గడ్డ ఎండిన మట్టిలో హాయిగా నిద్రపోతుంది. అంటే దానికి చలిలో నీళ్లు కావాలి, వేడిలో పొడి కావాలి.

మనకు ఉన్నది సరిగ్గా దీనికి తలకిందులు. జూన్ నుంచి అక్టోబరు దాకా వేడిగానూ ఉంటుంది, తడిగానూ ఉంటుంది. డిసెంబరు నుంచి పొడి. జనవరి తెల్లవారుజామున 17, 18 డిగ్రీలకు దిగితే మనం మఫ్లర్లు తీస్తాం కానీ కామాస్ దాన్ని చలి కింద లెక్కేయదు. చాలామంది ‘ఇక్కడ చలి లేదు కాబట్టి పూయదు’ అని అక్కడితో ఆపేస్తారు. చలి లేకపోతే పూయదు, అంతవరకు నిజమే. చచ్చిపోయేది మాత్రం వానల వల్ల. నిద్రపోవాల్సిన గడ్డ ఆగస్టులో 33 డిగ్రీల బురదలో కూర్చుంటే కుళ్లు పట్టడానికి ఎంతో సేపు పట్టదు. అందుకే లంబసింగిలో వేస్తే ఎలా ఉంటుందని ఎవరైనా అంటే నాకు పెద్దగా నమ్మకం కలగదు. అక్కడ శీతాకాలంలో చలి బాగానే ఉంటుంది. కానీ నైరుతి వానలు కూడా దంచి కొడతాయి కదా. మన దేశంలో దీనికి దగ్గరగా వచ్చే వాతావరణం వెతకాలంటే తులిప్ తోటలు పెట్టిన కశ్మీర్ దాకా వెళ్లాలి.

అమెరికా తూర్పు, మధ్య భాగాల్లో కామాసియా సిల్లాయిడిస్ అనే ఇంకో జాతి ఉంది. అది టెక్సాస్ వరకు దిగుతుంది. టెక్సాస్ అనగానే మన ఎండలు గుర్తొచ్చి కొంతమందికి ఆశ పుడుతుంది. ఎండాకాలం వానలకు అది పడమటి చుట్టాలంత భయపడదు, ఒప్పుకుంటాను. అయితే ఆ జాతి పెరిగే చోట శీతాకాలం రాత్రుళ్లు గడ్డకట్టే చలి పడుతుంది. కాబట్టి మొదటి అడ్డంకి అలాగే ఉంటుంది.

ఇక ఫ్రిజ్ సంగతి. తులిప్ గడ్డలను చాలా వారాలు చలిలో ఉంచి తర్వాత కుండీల్లో పూయించడం మామూలే, కామాస్‌కూ సూత్రం అదే. గడ్డలను కొంచెం చెమ్మగా ఉన్న కోకోపీట్‌లో (కొబ్బరి పీచు పొట్టు), చిల్లులు పెట్టిన కవర్లో ఉంచి, ఫ్రిజ్‌లో కింది కూరగాయల అరలో రెండు మూడు నెలలు ఉంచాలి. డీప్ ఫ్రీజర్‌లో కాదు. ఆ అరలో యాపిల్, అరటి, జామ లాంటి పండ్లు ఉండకూడదు. పండే పండు వదిలే ఇథిలీన్ వాయువు గడ్డ లోపలి మొగ్గను పాడు చేస్తుంది. ఇంట్లో ఎవరో ఒకరు ఉల్లిగడ్డ అనుకుని కూరలో వేయకుండా చూసుకోవడం ఇంకో పని. ఇంతా చేసి డిసెంబరు మొదట్లో నాటితే జనవరి, ఫిబ్రవరిలో కాడ పైకి రావచ్చు. పొట్టిగా, నాలుగు పూలతో. ఆ తర్వాతే అసలు ఇబ్బంది మొదలవుతుంది. పువ్వు పోయాక ఆకు ఇంకో రెండు నెలలన్నా చల్లటి వాతావరణంలో ఉండి గడ్డకు తిండి సమకూర్చాలి. మనకేమో మార్చి వచ్చేసరికి డాబా కాలుతూ ఉంటుంది. ఆకు మాడిపోతుంది, గడ్డ లోపల డొల్ల అవుతుంది, వచ్చే ఏటికి ఏమీ మిగలదు. ఏటేటా కొత్త గడ్డలు తెచ్చుకుంటాను, అదో సరదా అంటే మీ ఇష్టం. నా లెక్కలో అది తోటపని కిందికి రాదు.

పైగా సంక్రాంతికి తేవడం అన్నదే కుదరని మాట. ఆ గడ్డలు అక్కడ దుకాణాల్లో అమ్మేది శరదృతువులో, నేలలో పెట్టేదీ అప్పుడే. జనవరి నాటికి మిగిలి ఉండేవి గాలికి ఎండి ముడతలు పడిన సరుకే. ఇంకోటి, ఇది చాలా ముఖ్యం: మొక్కలు, గడ్డలు, విత్తనాలు సూట్‌కేసులో వేసుకుని దిగిపోవడానికి వీల్లేదు. 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఆర్డర్ ప్రకారం నాటే సరుకు ఏదైనా మన దేశంలోకి రావాలంటే ముందే దిగుమతి పర్మిట్ తీసుకోవాలి, పంపే దేశం నుంచి ఫైటోశానిటరీ సర్టిఫికెట్, అంటే తెగుళ్లు, పురుగులు లేవన్న ధ్రువపత్రం ఉండాలి. ‘ఎవరు చూస్తారులెండి’ అనేవాళ్లు ఉంటారు. గడ్డ పొరల మధ్య నులిపురుగులు, బూజు తెగుళ్లు కంటికి కనిపించకుండా వచ్చేస్తాయి. మిర్చికీ, పసుపుకీ పేరున్న జిల్లాల్లో ఉంటున్నాం మనం. ఒక పువ్వు కోసం ఆ రిస్క్ వద్దు.

తినడం గురించి అడిగారు. నిజమే, నెజ్ పర్స్ వంటి ఆదివాసీ జాతులకు కామాస్ శతాబ్దాల పాటు ముఖ్యమైన తిండి. నేలలో గొయ్యి తవ్వి, రాళ్లు కాల్చి, ఆకులు పరిచి, గడ్డలు వేసి, మట్టి కప్పి ఒకటి రెండు రోజులు మగ్గబెడతారు. ఆ గడ్డలో ఉండేది మన ఆలుగడ్డలో ఉండే పిండి పదార్థం కాదు, ఇనులిన్. పచ్చిగా తిన్నా, పైపైన ఉడికించినా కడుపు ఉబ్బరమే. అంతసేపు మగ్గితేనే అది విడిపోయి తియ్యగా మారుతుంది. 1805 సెప్టెంబరులో కొండలు దాటి ఆకలితో దిగిన లూయిస్, క్లార్క్ బృందానికి నెజ్ పర్స్ వాళ్లు పెట్టిన భోజనంలో ఈ గడ్డలున్నాయి. ఆబగా తిని చాలామంది జబ్బుపడ్డారు. దానికంటే పెద్ద ప్రమాదం ఇంకోటుంది. అదే మైదానాల్లో డెత్ కామాస్ అని విషపు గడ్డ కూడా పెరుగుతుంది. పువ్వు ఉన్నప్పుడు తేడా తెలుస్తుంది, దాని పూలు మీగడ తెలుపు. పువ్వు రాలాక ఆకునీ గడ్డనీ చూసి తేల్చడం అక్కడి వాళ్లకే కష్టం. అందుకని పూలు ఉండగానే ఆ మొక్కలను ఏరిపారేసే అలవాటు వాళ్లలో ఉండేది. మీరు ఏ గడ్డ వేసుకున్నా, కింద నేను చెప్పబోయేవి కూడా, వంటింటి వైపు రానివ్వకండి.

ఇప్పుడు మ్యాప్ తీసి చూడండి. పోర్ట్‌లాండ్ 45 డిగ్రీల అక్షాంశం దగ్గర ఉంది, విజయవాడ పదహారున్నర దగ్గర. అదే ఖండంలో కిందికి దిగుతూ రండి. టెక్సాస్, లూసియానా, ఫ్లోరిడా తీరం దాటి మెక్సికోలో వెరాక్రూజ్, యుకటాన్ వైపు వస్తే 19, 20 డిగ్రీలు. అక్కడ వానలు ఎండాకాలం చివర మొదలై అక్టోబరు దాకా పడతాయి. ఉక్క, తుఫాన్లు, చలికాలం పొడి, అన్నీ మనకు తెలిసినవే. అక్కడి గడ్డలకు మన క్యాలెండర్ ఎవరూ నేర్పక్కర్లేదు. నా సలహా, మన దగ్గరే దొరికే ఆ ప్రాంతపు జాతులు పెంచుకోమని.

వాటిలో మీ ఇంటికి మొదటిది రెయిన్ లిల్లీ. కొందరు వాన లిల్లీ అంటారు. నర్సరీలో సాధారణంగా మూడు రంగులు దొరుకుతాయి. పెద్ద గులాబీ పువ్వు జెఫిరాంథస్ కారినాటా, మెక్సికో, మధ్య అమెరికా వైపుది. నిమ్మపండు పసుపు రంగుది జెఫిరాంథస్ సిట్రినా, మెక్సికో వైపుదే. తెల్లగా, గట్టి సన్నటి ఆకులతో ఉండేది జెఫిరాంథస్ కాండిడా. అది దక్షిణ అమెరికాది, ఉత్తర అమెరికా గడ్డే కావాలన్న లెక్కకు లొంగదు కానీ మంచి మొక్కే. అమెరికా ఆగ్నేయ రాష్ట్రాల సొంత రెయిన్ లిల్లీ కూడా ఒకటుంది, అటామాస్కో. వర్జీనియా నుంచి ఫ్లోరిడా దాకా తడి అడవుల్లో వసంతంలో తెల్లగా పూస్తుంది. దానికి కాస్త చల్లటి శీతాకాలం అలవాటు. దొరికినా నేను గులాబీ రంగుదానికే ఓటేస్తాను.

గడ్డ సాంబారు ఉల్లిపాయంత ఉంటుంది. రెండు వేళ్ల లోతులో, నాలుగు వేళ్ల ఎడంతో పెట్టండి. ఒక్కో గడ్డ దూరదూరంగా నాటితే ఎప్పటికీ పలచగానే కనిపిస్తుంది. పాతిక, ముప్పై ఒకే మడిలో దగ్గరగా పెడితేనే వాన పడ్డాక చూడ్డానికి బాగుంటుంది. కుండీ అయితే లోతు కంటే వెడల్పు ముఖ్యం. గులాబీ కుండీల్లాంటి నిలువు కుండీలు వద్దు, వెడల్పాటి తొట్టెలు మేలు. మట్టి రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు ఇసుక, ఒక పాలు బాగా మాగిన పశువుల ఎరువు లేదా వర్మీ కంపోస్ట్, గుప్పెడు వేపపిండి. కోకోపీట్ ఎక్కువ వేయకండి. డాబా మీద ఎండాకాలం ఎండి అట్టలా అయిపోతుంది, వానాకాలం స్పాంజిలా నీళ్లు పట్టి వదలదు. రెండూ గడ్డకు మంచివి కావు.

నేలలో వేసేటప్పుడు మట్టి చూసుకోవాలి. కృష్ణ ఒడ్డు వైపు ఒండ్రు అయితే పెద్దగా చేయాల్సింది లేదు. మా గుంటూరు వైపు నల్లరేగడి అయితే వేరే కథ. తడిస్తే ఉబ్బి నీళ్లు దిగనివ్వదు, ఎండితే చెయ్యి పట్టేంత బీటలు వారుతుంది. బీటలు విచ్చుకునేటప్పుడు గడ్డల వేళ్లు తెగుతాయి. అందుకని రేగడి మీద అర అడుగు ఎత్తు మడి కట్టి, పైన తెచ్చిన మట్టి పోసి నాటాలి. రేగడిలోనే ఇసుక కలిపి బాగుచేద్దామని కొందరు చూస్తారు. తక్కువ ఇసుక కలిపితే ఇటుక తయారవుతుంది తప్ప మట్టి గుల్లబడదు. మడి ఎత్తడమే సులువు.

పూయించే కిటుకు నీళ్లలో ఉంది. ఈ గడ్డ పొడి తర్వాత వచ్చే తడికి స్పందిస్తుంది. రోజూ పొద్దున్నే చెంబెడు నీళ్లు పోసేవాళ్ల ఇంట్లో ఆకు గడ్డిలా బలుస్తుంది, పువ్వు మాత్రం రాదు. మూడు నాలుగు వారాలు నీళ్లు ఆపేయండి. ఆకులు వాలి కొసలు పసుపు రంగుకు తిరిగినా చూసి ఊరుకోండి. తర్వాత ఒక సాయంత్రం తొట్టె అడుగు నుంచి నీళ్లు కారేదాకా తడపండి, మర్నాడు మళ్లీ తడపండి. వారం తిరిగేలోపు ఎర్రటి మొగ్గలు నేల నుంచి పొడుచుకొస్తాయి. రోహిణి ఎండలకు రోళ్లు పగులుతాయంటారు కదా, ఆ కార్తెలో గడ్డలు పూర్తిగా ఎండినా భయపడకండి. మృగశిర జల్లులు పడగానే వచ్చే మొదటి పూత ఏడాదిలో అన్నిటికంటే పెద్దది, అది ఈ ఎండబెట్టడం పుణ్యమే. ఆ తర్వాత వానకూ వానకూ మధ్య పది పదిహేను రోజులు తెరిపి దొరికినప్పుడల్లా ఇంకో విడత పూస్తుంది. పువ్వు ఒకటి రెండు రోజులే ఉంటుంది, దండలకు పనికిరాదు.

డాబా మీద పెట్టేవాళ్లకు ఒక మాట. మొక్క ఎండకు తట్టుకుంటుంది, నల్ల ప్లాస్టిక్ కుండీలో ఉన్న వేరు తట్టుకోదు. మే నెలలో పడమటి ఎండ నేరుగా కుండీ పక్కలకు తగిలితే లోపలి మట్టి వేడెక్కి గడ్డ ఉడికిపోతుంది. ఏప్రిల్ రాగానే తొట్టెలను పిట్టగోడ నీడకు జరపండి, లేదా ఒకదానికొకటి ఆనించి గుంపుగా పెట్టి చుట్టూ తడి గోనెపట్టా కట్టండి. షేడ్ నెట్ ఉంటే 50 శాతందైతే చాలు, అంతకంటే చిక్కనిదైతే పువ్వు తగ్గుతుంది. మిగతా ఏడాదంతా రోజుకు ఐదారు గంటల ఎండ పడాల్సిందే.

బోరు నీళ్లు ఉప్పగా ఉంటే కుండీ అంచున తెల్లటి పొర కడుతుంది, ఆకు కొసలు గోధుమ రంగుకు మాడతాయి. చాలామంది దాన్ని తెగులనుకుని మందులు కొడుతుంటారు. వానాకాలం మొదట్లో తొట్టెలను పూర్తిగా వానలో వదిలేస్తే ఆ ఉప్పు కడుక్కుపోతుంది. ఆర్‌ఓ మెషిన్ వదిలే నీళ్లు మొక్కలకు పొదుపుగా వాడుతున్నామనుకుంటారు, అందులో ఉప్పు మెషిన్‌లోకి వెళ్లిన నీళ్ల కంటే ఎక్కువ. అది బాత్‌రూమ్ కడగడానికి వాడుకోండి.

ఇక అసలు శత్రువు. జూన్, జూలై నుంచి లిల్లీ పురుగు వస్తుంది. నల్లటి ఒళ్లు, దాని మీద తెల్ల చుక్కలు, ఎర్ర మచ్చలు, చూడ్డానికి బొమ్మలా ఉంటుంది. గుంపుగా పుట్టి ఆకును కొస నుంచి మొదలుపెట్టి మెడ దాకా తినేస్తుంది. అక్కడితో ఆగకుండా గడ్డలోకీ తొలుస్తుంది. రాత్రి పడుకునేటప్పుడు పచ్చగా ఉన్న మడి రెండు మూడు రోజుల్లో మోడవుతుంది. ఇది రెయిన్ లిల్లీకి, స్పైడర్ లిల్లీకి, మన అడవి నాభికి కూడా వచ్చేదే. దీనికి మందుకంటే కళ్లు ముఖ్యం. వానలు మొదలయ్యాక రోజు విడిచి రోజు ఆకుల అడుగు చూడండి. గుడ్లు గుంపుగా కనిపిస్తే ఆ ఆకు ముక్క తుంచేయండి. పిల్ల పురుగులను సబ్బు నీళ్ల డబ్బాలోకి రాల్చేయండి. ఎక్కువగా ఉంటే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బు ద్రావణం కలిపి సాయంత్రం కొట్టండి. లేదంటే బీటీ పొడి (పురుగులను చంపే ఒక బ్యాక్టీరియాతో చేసిన మందు) దొరుకుతుంది, అది చిన్న పురుగుల మీదే బాగా పనిచేస్తుంది. ఈ పురుగు కోశ దశ మట్టిలోనే గడుపుతుంది కాబట్టి దాడి తగ్గాక పైమట్టిని గీరి ఎండకు వదలండి. ఆకంతా పోయిందని గడ్డ పీకేయకండి. మెడ గట్టిగా ఉంటే మళ్లీ చిగురిస్తుంది.

ఎరువు విషయంలో అతి వద్దు. ఫిబ్రవరి, మార్చిలో పైన ఒక పొర వర్మీ కంపోస్ట్ చాలు. యూరియా వేస్తే ఆకు మెత్తబడి పురుగును చేతులారా పిలిచినట్టే. గడ్డలు కిక్కిరిసినప్పుడు పువ్వు తగ్గితే జనవరిలో తవ్వి పిలకలు విడదీసుకోండి. అంతవరకు కదపకండి, కాస్త ఇరుకుగా ఉంటేనే బాగా పూస్తుంది.

రెండోది స్పైడర్ లిల్లీ. ఏసీ నీళ్లు కారే మూల, చాకిరేవు బండ పక్క, మోటారు దగ్గర ఎప్పుడూ చిత్తడిగా ఉండి ఏదీ బతకని చోటు మీకూ ఉండే ఉంటుంది. అది దీనికే వదిలేయండి. మన దగ్గర దొరికే హైమెనోకాలిస్ లిట్టోరాలిస్ మెక్సికో నుంచి దిగువకు అమెరికా ఖండపు వేడి తీరాలది. లూసియానా చిత్తడి నేలల్లో దీనికి అక్క వరస జాతి ఒకటి పూస్తుంది, అలబామా నదుల రాళ్ల మధ్య ప్రవాహంలోనే నిలబడి పూసే జాతి ఇంకొకటి. పొడవాటి తెల్లటి సన్న రేకులు, వాటి మధ్య పల్చటి గిన్నెలాంటి పొర, సాయంత్రం మంచి వాసన. గడ్డ మెడ నేల మట్టానికి ఉండేలా, అడుగున్నర ఎడంతో పెట్టి మర్చిపోవచ్చు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు ఇళ్లు మునిగినప్పుడు, నీళ్లు తీశాక నేను చూసిన పెరళ్లలో గులాబీలు, మందారాలు పోయినా ఇవి బురద కింద నుంచి మళ్లీ ఆకు వేశాయి. రెయిన్ లిల్లీలు అలా కాదు. మందంగా ఒండ్రు పేరుకుంటే తవ్వి పైకి తెచ్చి నాటుకోవాల్సిందే. మీది పల్లపు వీధి అయితే ఆ తేడా గుర్తుపెట్టుకోండి.

మూడోది చెబితే నవ్వుతారేమో. మన లిల్లీ పూలు, అదే నేల సంపంగి. పూల మార్కెట్లో కిలోల లెక్కన అమ్మే ఆ పువ్వు పుట్టిల్లు మెక్సికో. స్పెయిన్ వాళ్లు రాకముందే అక్కడి ప్రజలు దాన్ని పెంచుకున్నారు. ఉండవల్లి, పెనుమాక వైపు పూలు పండించే రైతులను అడిగితే పాత తోట తవ్వినప్పుడు గడ్డలు ఇస్తారు. నర్సరీ వాళ్ల గడ్డకంటే అవే మేలు, ఈ నేలకు అలవాటుపడి ఉంటాయి. దండకు, దేవుడికి అయితే ఒంటి రేకు, ఫ్లవర్‌వాజులో పెట్టుకోవడానికి ముద్ద రకం. బెంగళూరులోని ఉద్యాన పరిశోధన సంస్థ ఐఐహెచ్‌ఆర్ తెచ్చిన రకాల్లో ప్రజ్వల్ ఒంటి రేకుది, సువాసిని ముద్దది. రూపాయి బిళ్లకంటే చిన్న గడ్డ తీసుకోకండి, మొదటి ఏడు ఆకే వస్తుంది. మార్చిలో గానీ జూన్‌లో గానీ నాటితే మూడు నెలలకు కాడ వేస్తుంది. పూసిన గడ్డ మళ్లీ పూయదు, దాని పక్కన పుట్టే పిలకలే తర్వాత పూస్తాయి. దీనికి ఎండ, నీళ్లు రెండూ ధారాళంగా కావాలి. రెయిన్ లిల్లీలా ఎండగట్టే ఆటలు దీనితో ఆడకండి. కాబట్టి రెండూ ఒకే తొట్టెలో వద్దు.

మీ అమ్మాయికి నీలమే కావాలంటే ఈ మూడింటిలో నీలం లేదు. ఆ దిక్కు గడ్డల్లో మన ఎండకు నిలిచే నీలం నాకు తెలిసి లేదు. పిట్టగోడకు శంఖుపుష్పం పాకించుకోండి. అది అమెరికాదీ కాదు, గడ్డా కాదు, కానీ రంగు మాత్రం గ్యారంటీ.

ఇంకొక జాగ్రత్త. రెయిన్ లిల్లీ, స్పైడర్ లిల్లీ గడ్డల్లో లైకోరిన్ అనే విషం ఉంటుంది. తింటే వాంతులు, విరేచనాలు. రెయిన్ లిల్లీ ఆకు చూడ్డానికి ఉల్లికాడలా ఉంటుంది కనుక డాబా మీద ఉల్లికాడలు, వెల్లుల్లి పెంచే తొట్టెలకు దూరంగా పెట్టండి. ఇంట్లో పాకే పిల్లలున్నా, మట్టి తవ్వే కుక్క ఉన్నా తొట్టె ఎత్తులో ఉండాలి.

కొనడం ఎప్పుడంటే, రెయిన్ లిల్లీ గడ్డలు జనవరి నుంచి మార్చి లోపు తీసుకుంటే మొదటి వానకే పూత చూస్తారు. కడియం వెళ్లే పని ఉంటే అక్కడ అన్నీ దొరుకుతాయి. లేకపోతే ఊళ్లోనే ఎవరి మడి అయినా కిక్కిరిసి ఉంటుంది, అడిగితే గుప్పెడు ఇస్తారు. నర్సరీలో ఆకు మాత్రమే ఉన్న కవర్ చూపించి రంగు చెబితే నమ్మకండి, ఒక్క పువ్వయినా ఉన్న కవరే తీసుకోండి. గడ్డ మెడ దగ్గర వేలితో నొక్కి చూడండి. మెత్తగా దిగినా, పుల్లటి వాసన వచ్చినా అక్కడే వదిలేయండి. ఇంటికి తెచ్చాక వెంటనే తడపకుండా రెండు రోజులు నీడలో ఆరనిచ్చి, ఎండిన పైపొరలు తీసి నాటండి. సంక్రాంతికి మీ అమ్మాయి వచ్చేసరికి చేతిలో గడ్డలుంటే తనతోనే నాటించండి, సరిగ్గా సీజన్ అదే.